రాజుగారి ఒక్క దూకు

30 జూన్ 2025, సోమవారం

ఈ డైరీ బీమా ఏజెంటు ఇచ్చింది. రెండేళ్ళ కిందటిది. వారాలు కొట్టేసి రాస్తున్నాను. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. గోడతో మాట్లాడితే కింద ఇంటి ఓనరు మామ్మగారు వింటారు.

సుహాసిని పాపని తీసుకుని పొందూరు వెళ్ళిపోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. అలిగి పుట్టింటికి వెళ్ళిన ఆడవాళ్ళు వారంలో తిరిగొచ్చేస్తారని ఆఫీసులో జగన్నాధం చెప్పాడు. జగన్నాధానికి పెళ్ళి కాలేదు.

ఇంతకీ నేను చేసిన ఘోరం ఏమిటి? డిపార్టుమెంటు టెస్టు పాసయ్యానని చెప్పాను. అంతే. ఫలితాలు రాకముందు చెప్పాను కాబట్టి అది అబద్ధం కాదు, తొందరపాటు. సుహాసిని వాళ్ళ స్కూల్లో టీచర్లందరికీ కోవా పంచుతుందని నేను కలగన్నానా? హెడ్మాస్టారుకి రెండు పెట్టిందట. తర్వాత లిస్టు వచ్చింది. అందులో గిరిబాబు అనేవాడు లేడు.

"ఫెయిలైనందుకు కాదు బావా," అంది వెళ్ళేముందు. మా మేనమామ కూతురు. పెళ్ళికి ముందు నుంచీ నేను బావనే. "నువ్వు నోరిప్పితే ఏది నిజమో, ఏది కాదో నాకు తెలీకుండా పోతన్నాది. మన ఉష గుంటని ఆదివారం ఆదివారం పంపిస్తాను. దానికి గానీ ఒక్క అబద్ధం సెప్పినావని తెలిసిందా, ఆ ఆదివారాలు కూడా బంద్."

సరే అన్నాను. ఆరేళ్ళ పిల్లతో అబద్ధం చెప్పాల్సిన పనేముంటుంది?

6 జూలై, ఆదివారం

పనిపడింది.

మావ బస్సులో తీసుకొచ్చి దింపి వెళ్ళాడు. ఉష చెప్పులు కూడా విప్పకుండా అడిగింది. "నాన్నా, నీకు చెస్సు వచ్చా? మా స్కూల్లో పెద్దక్కలు ఆడతన్నారు. మమ్మల్ని రానివ్వట్లేదు."

రాదు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రెండక్షరాలు. ఆ పిల్ల అలా తలెత్తి చూస్తుంటే, నా నోరు నన్ను అడగకుండా అనేసింది: "నాకా? కాలేజీ ఛాంపియన్నే నాను!"

"వోలమ్మో!" అని ఎగిరింది. సాయంత్రం తాతతో బస్సెక్కే ముందే ఫోనులో వాళ్ళమ్మకి చెప్పేసింది. అవతల సుహాసిని ఒక్క క్షణం ఆగి, "అలాగా. మరి నేర్పించుకో," అంది. ఆ ఆగడం నాకు నచ్చలేదు.

కాలేజీలో నేను ఆడింది క్యారమ్స్.

8 జూలై, మంగళవారం

ఏడురోడ్ల జంక్షన్లో చెస్ బోర్డు కొన్నాను. డబ్బాలో నల్ల ఏనుగు ఒకటి లేదు. దగ్గుమందు సీసా మూత పెట్టాను. ఏనుగు కంటే అదే గంభీరంగా ఉంది.

లోపల కాగితం ఉంది, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. ఏది ఎటు కదులుతుందో తెలిసింది. ఎందుకు కదపాలో తెలియలేదు. ఫోనులో వీడియో పెట్టాను. ఒక కుర్రాడు గుటక కూడా వెయ్యకుండా ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆఖర్న "చూశారా, ఎంత ఈజీయో" అన్నాడు. ఫోను బోర్లా పెట్టేశాను.

9 జూలై, బుధవారం

దేవుడున్నాడు. మా మెట్ల కిందే ఉన్నాడు.

నీళ్ళ మోటారు గురించి అడగడానికి వెళ్తే శ్యామలాంబ మామ్మగారు నా చేతిలో బోర్డు చూసి, "చదరంగమేమిట్రా అది? ఇలా తే," అన్నారు. ఆవిడకి డెబ్భై ఎనిమిది. వాళ్ళ నాన్నగారు గుడిలో పురాణం చెప్పేవారట, మధ్యాహ్నం అరుగు మీద కూతురితో చదరంగం ఆడేవారట. "ఓడిపోతే బల్ల తిరగేసీవారు. మహా కోపిష్టి," అని మురిసిపోయారు.

పది ఎత్తుల్లో నాకు ఆటకట్టు. రెండోసారి ఎనిమిది ఎత్తుల్లో. మూడోసారి నేను ఆవిడ రాజుని మూలకి నెట్టాను. గెలిచానని లేచి నిలబడ్డాను కూడా. మామ్మగారు తాపీగా రాజుని ఎత్తి గుర్రంలా దూకించి అవతల పెట్టారు.

"ఇదేటి మామ్మగారూ?"

"ప్రాణం మీదికొస్తే రాజు ఒక్కసారి గుర్రం దూకు దూకొచ్చురా. ఆటకి ఒక్కసారే. రెండోసారి దూకితే తప్పు."

"కాగితంలో రాయలేదు మరి?"

"అన్నీ కాగితాల్లో రాస్తారేమిట్రా, వెర్రివాడా?"

నిజమే. అసలు గుట్టు ఎవడు రాస్తాడు? వంటల పుస్తకాల్లో కూడా ఇంతే. ఇది పెద్ద పెద్ద ఛాంపియన్లకే తెలిసిన సంగతి అయి ఉంటుంది.

13 జూలై, ఆదివారం

మొదటి పాఠం. బోర్డు అడ్డంగా పరిచానో నిలువుగా పరిచానో నాకే తెలియదు. చతురస్రం కాబట్టి ఎవరికీ తెలియదు.

"రాజు ఏటి సేస్తాడు నాన్నా?"

"ఒక్క అడుగేస్తాడు. అందరూ ఆయన్ని కాయాల."

"అంటే తాతలాగా?"

మావని ఇంత బాగా వర్ణించినవాళ్ళు లేరు. పక్కనున్నది మంత్రి అంటే ఒప్పుకోలేదు, రాణి అంది. పెద్దక్కలు అలాగే అంటారట. మంత్రే ఎటైనా వెళ్ళి ఎవరినైనా కొడుతుందని చెప్పాను. "అయితే అమ్మే," అంది. దానితో వాదన ముగిసింది.

గుర్రాన్ని చంపితే ఊరుకోలేదు. నా చేతిలోంచి లాక్కుని గౌను జేబులో పెట్టుకుంది. దాని పేరు గంగులట. ఎత్తుకో గుర్రం చచ్చే ఆటలో గుర్రానికి పేరు పెట్టకూడదని ఎలా చెప్పను? గంగులు బతికాడు, ఆట ఆగిపోయింది. గంగులు పొందూరు వెళ్ళిపోయాడు కూడా. ఇప్పుడు నాకు రెండు మూతలు.

20 జూలై, ఆదివారం

రాజు దూకు నేర్పాను. కళ్ళు ఇంతలేసి చేసుకుని వింది. "ఒక్కసారే. ప్రాణం మీదికొస్తేనే," అన్నాను. "ఇది ఎవులికీ తెలీదు, మన ఇద్దరికే."

"అమ్మకి కూడానా?"

"అమ్మకి కూడా."

సాయంత్రం ఓడిపోయాను. పిల్ల సంతోషిస్తుందని కావాలనే ఓడిపోయాను.

27 జూలై, ఆదివారం

మళ్ళీ కావాలనే ఓడిపోయాను.

28 జూలై, సోమవారం

కావాలనే మామ్మగారి చేతిలో కూడా ఓడిపోయాను. పెద్దావిడ.

3 ఆగస్టు, ఆదివారం

ఉష కాగితం తెచ్చింది. వచ్చే ఆదివారం ఇక్కడే, మా శ్రీకాకుళంలో, కళ్యాణమండపంలో టోర్నమెంటు. ఏడేళ్ళలోపు పిల్లలు. సుహాసిని సంతకం పెట్టింది. పెట్టి, తనూ వస్తానంది.

దీన్ని కూర్చోబెట్టి మూడుసార్లు ఆడాను. మూడుసార్లూ ఆరేళ్ళ గుంట నన్ను చితక్కొట్టింది. కావాలనే అని ఇక్కడ రాయబోయి కలం ఆపాను. చేతికి నొప్పిగా ఉంది, అందుకే ఆపాను.

వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని అంది: "నాన్నా, నాను గెలిస్తే అమ్మ నీ గురించి మంచిగా అనుకుంటాది. మనవు ఇంటికొచ్చీవొచ్చు."

ఇది దానికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదట.

10 ఆగస్టు, ఆదివారం

టోర్నమెంటు అయింది. ఎండ ఎక్కువగా ఉంది.

11 ఆగస్టు, సోమవారం

రాయాలి కాబట్టి రాస్తున్నాను.

పిల్లలందరూ బల్లల దగ్గర, తల్లిదండ్రులందరూ తాడుకి ఇవతల. సుహాసిని నా పక్కనే నిలబడింది. రెండు నెలల తర్వాత అంత దగ్గరగా. ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగ సీసా నాకు కూడా ఇచ్చింది. మొదటి ఆటలో ఉష ఎదురుగా కూర్చున్న పిల్లాడు బాత్రూంకి వెళ్ళి తిరిగి రానన్నాడు. ఉష గెలిచింది. రెండో ఆట నిజంగానే గెలిచింది. జడల పిల్ల మీద, ఏనుగుతో ఆటకట్టు. సుహాసిని నా మోచెయ్యి పట్టుకుని ఊపేసింది. "బాగానే నేర్పినావు బావా!" అంది. పదకొండేళ్ళ పెళ్ళిలో ఈ మాట విన్న గుర్తు లేదు.

మూడో ఆటలో కళ్ళద్దాల పిల్లాడు. ఉష రాజుని మూలకి నెట్టాడు. ఉష భయపడలేదు. తాడు దగ్గర ఉన్న నా వైపు చూసి నవ్వింది, మా ఇద్దరికే తెలిసిన నవ్వు. రాజుని ఎత్తింది. గుర్రంలా దూకించింది.

కళ్ళద్దాలవాడు చెయ్యెత్తాడు. తీర్పు చెప్పే ఆర్బిటర్ వచ్చాడు, మెడలో బ్యాడ్జీ, చేతిలో అట్ట.

"రాజు అలాగ ఎల్లకూడదమ్మా."

"ఒక్కసారి ఎల్లొచ్చు సార్. ప్రాణం మీదికొస్తే."

"ఎవులు సెప్పినారు?"

"మా నాన్న. కాలేజీ ఛాంపియన్." వేలు పెట్టి నన్ను చూపించింది. హాలు హాలంతా తిరిగి చూసింది.

ఆర్బిటర్ తాడు దాకా వచ్చి నన్ను అడిగాడు. ఉష కంగారులో ఏదో కలిపేసుకుని ఉంటుందని చెప్పాను. రాజుని వెనక్కి పెట్టమన్నాడు. పెట్టింది. ఆటకట్టు. అంతే జరిగింది. ఆ ఆర్బిటర్‌కి పిల్లలతో మాట్లాడడం రాదు. అట్టతో అంత పనేమిటి?

12 ఆగస్టు, మంగళవారం

ఏమీ లేదు.

13 ఆగస్టు, బుధవారం

సుహాసిని ఫోను చేసింది. అయిపోయాయి నా ఆదివారాలు అనుకున్నాను.

"బావా, గుంట మీద కోపం పెట్టుకోకు," అంది. గొంతు మెత్తగా ఉంది. "ఆ దూకు ఏటని అడిగితే, తనే టీవీలో ఏదో ఆట సూసి కలిపీసినానని సెప్పింది. నాను నిన్నే అనుమానించినాను. మూడు రోజులు నిన్ను మనసులో తిట్టుకున్నాను. తప్పు నాదే."

తప్పు నాదే అంది. సుహాసిని, నాతో.

తర్వాత ఫోను ఉషకిచ్చింది. అది ఫోను పట్టుకుని దూరంగా నడుస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత గుసగుస: "నాన్నా, నువ్వు నేర్పినావని నాను సెప్పలేదు. ఆదివారం ఒస్తాను కదా మరి?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ముప్ఫై ఆరేళ్ళ నుంచి ఆడుతున్నాను, నావి ఒక్కటీ అతకలేదు. ఆరేళ్ళ పిల్ల మొదటిసారే వాళ్ళమ్మ కళ్ళు కప్పేసింది. టీవీ అట. ఎంత కుదురుగా అల్లింది! చెస్ నేర్పుతున్నానని అనుకున్నాను గానీ, అది ఆదివారం ఆదివారం నా దగ్గర నేర్చుకున్నది ఇది. నాకు నా మీద అసహ్యం వేసింది.

సోమవారం రాసింది కొట్టేస్తున్నాను. జరిగింది ఇది. ఆర్బిటర్ "మీరు నేర్పినారా సార్?" అని అడిగాడు. నేను నవ్వాను. నవ్వి, గట్టిగా, ఉషకి వినబడేలా అన్నాను: "నానెందుకు నేర్పుతాను సార్? అది పిల్ల, ఏదో వాగుతాది."

ఉష నన్ను చూసింది. ఏడవలేదు. రాజుని తీసి పాత గడిలో పెట్టింది. అప్పుడు కూడా మజ్జిగ సీసా నా చేతిలోనే ఉంది.

14 ఆగస్టు, గురువారం

మామ్మగారి మీద పడ్డాను. టోర్నమెంటులో జరిగిందంతా చెప్పి, మీరు తప్పు నేర్పారు, నా కాపురం కూల్చారు అన్నాను.

ఆవిడ చిక్కుడుకాయల పీచు తీస్తూ అంతా విన్నారు. "మా నాన్నగారి అరుగు మీద ఆట అడిగావు, చెప్పాను. టోర్నమెంటులో ఇది చెల్లుతుందా మామ్మగారూ అని ఒక్క ముక్క అడిగావా? అడిగితే నీకు రాదని తెలిసిపోతుంది మరి. పైగా పిల్లని నలుగురిలో వదిలీసి వచ్చింది నేనా, నువ్వా?"

"నేనే," అన్నాను. ఈ డైరీలో కాకుండా, పైకి, ఒక మనిషి ముందు.

"అయితే ఇక్కడెందుకు కూర్చున్నావు? పొందూరు బస్సులు ఆగిపోయాయేమిట్రా?"

15 ఆగస్టు, శుక్రవారం

ఆఫీసులో జెండా ఎగరగానే బస్సెక్కాను. బోర్డు కూడా పట్టుకెళ్ళాను, ఎందుకో తెలియదు.

మావ నరసింగరావు ఖద్దరు పంచె కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఒక్క అడుగూ వెయ్యలేదు. "ఏటిరా అల్లుడూ, ఇయ్యాల ఆదివారం కాదే?" అన్నాడు. ఉష అప్పుడే స్కూలు నుంచి వచ్చింది, గౌనుకి కాగితం జెండా, నోట్లో చాక్లెట్. సుహాసిని గుమ్మంలోకి వచ్చింది.

నిలబడే చెప్పాను. కూర్చుంటే మాట మారుస్తానని భయం.

"నాకు చెస్సు రాదు. కాలేజీలో ఆడింది క్యారమ్స్, అందులో కూడా రెండో రౌండులోనే పోయాను. ఆ దూకు ఉషకి నేర్పింది నేనే. అది మామ్మగారి వాళ్ళ అరుగు మీద రూలు, ఆవిడ దగ్గర విని నేర్పాను. సార్ అడిగితే నేర్పలేదన్నాను. టీవీ లేదు, ఏటీ లేదు. అది నా కోసం అబద్ధం సెప్పింది."

సుహాసిని ఉష వైపు తిరిగింది. "నిజవేనటే?"

ఉష చాక్లెట్ బుగ్గలోకి తోసుకుంది. "ఆదివారాలు బంద్ అన్నావు కదా మరి," అంది.

సుహాసిని మెట్టు మీద కూలబడింది. మావ గొంతు సవరించుకున్నాడు. నేను ఆగి ఉండాల్సింది. కానీ మొదలుపెట్టాక మధ్యలో ఆపితే మిగిలింది కుళ్ళిపోతుందనిపించింది.

"ఇంకోటుంది. టెస్టు. ఫలితాలు రాకముందు సెప్పలేదు. లిస్టు సూసీ, నా పేరు లేదని తెలిసీ, ఇంటికొచ్చి పాసయ్యానని సెప్పాను. నీ మొకం సూసి ఫెయిలయ్యానని సెప్పలేకపోయాను."

"నాకు కోవా మీద కోపం అనుకున్నావేటి ఇన్నాళ్ళూ?" అంది సుహాసిని. కళ్ళు తుడుచుకుంది. తర్వాత గొంతు గట్టి చేసుకుంది. "మాటంటే మాటే బావా. గుంటకి అబద్ధం సెప్తే ఆదివారాలు బంద్ అన్నాను."

తల ఊపాను. న్యాయమే కదా. బోర్డు సంచీ భుజానికి తగిలించుకున్నాను.

ఉష మా మధ్యకి వచ్చి నిలబడింది, కాగితం జెండాతో సహా.

"అమ్మా, రాజు ఒక్కసారి దూకొచ్చు. ప్రాణం మీదికొస్తే."

"ఆ రూలు లేదని ఆ సార్ సెప్పలేదేటే?"

"అది టోర్నమెంటులో. మామ్మగారి అరుగు మీద ఉంది. మనింట్లో కూడా పెట్టుకుందాం. ఒక్కసారే అమ్మా, మళ్ళీ దూకడు."

సుహాసిని నా వైపు తిరిగింది.

"రెండోసారి దూకితే?" అని అడిగింది. ఉషని కాదు, నన్ను.

"తప్పు," అన్నాను.

"బంద్," అంది సుహాసిని.

అన్నం పెట్టింది. వంకాయ కూరలో ఉప్పెక్కువైంది. బాగుందా అని మావ అడిగితే, ఉప్పెక్కువైందని చెప్పాను. సుహాసిని నా వైపు గుడ్లురిమి చూసింది. నిజం చెప్పినా కష్టమే.

17 ఆగస్టు, ఆదివారం

మావ రాలేదు. ఉషని తీసుకుని సుహాసినే వచ్చింది. వంటింటిలోకి వెళ్ళి, "ఓలమ్మో, ఇది ఇల్లా, పశువుల సాలా!" అని అరిచింది. రెండు నెలలుగా ఈ ఇంట్లో వినబడని అరుపు. నాకు కడుపు నిండిపోయింది.

ఉష గంగుల్ని తిరిగి తెచ్చి బోర్డు మీద దాని గడిలో పెట్టింది. "నాన్నా, ముందు బోర్డు ఇలాగ తిప్పాల. కుడి సేతి మూల తెల్ల గడి రావాల. కళ్ళద్దాల అబ్బాయి సెప్పాడు," అంది. ఐదు వారాలు బోర్డు తప్పుగా పరిచానన్న మాట. నాకు తెలియదమ్మా అన్నాను. రెండక్షరాలు కాదు గానీ, పెద్ద కష్టమేం కాలేదు.

ఇరవై ఎత్తుల దాకా నిలబడ్డాను. తర్వాత గంగులు వచ్చి నా మంత్రిని కొట్టాడు, ఏనుగు వచ్చి నా రాజుని మూలకి తోసింది. ఎటు చూసినా దారి లేదు.

"దూకీ నాన్నా," అంది ఉష జాలిగా. "మనింట్లో ఉంది కదా రూలు."

"నాది అయిపోయిందమ్మా. మొన్న శుక్రవారం."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

ఓడిపోయాను. కావాలని కాదు.